రూపాయి ముప్పావలా వడ్డీ

భీమవరం,
నవంబరు, 2025.

చి. అమ్ములుకి,

కార్తీక సోమవారాలన్నీ మీ అత్తయ్య గునుపూడి సోమేశ్వరుడి గుడికి వెళ్ళింది, నేను స్కూటరు కాపలా కాశాను. హాస్టల్లో చలి మొదలైందని విన్నాను. గొంతు జాగ్రత్త. డిసెంబరులో నీకు దానితోనే పని.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. “ఎక్కడో ఉక్రెయిన్‌లో యుద్ధమైతే మా ఇంట్లో తండ్రీకూతుళ్ళు మాటలు మానేశారు అన్నయ్యా” అంది. నవ్వుతూనే అంది గానీ, ఆ నవ్వు చివర తడి ఉంది.

దసరా రాత్రి మీ డాబా మీద నేనూ ఉన్నాను కదా. మీ నాన్న సెల్‌ఫోనులో మ్యాపు పెట్టి, “రష్యా ఎప్పుడో గెలిచేసింది, ఉక్రెయిన్‌వాళ్ళు ఒప్పుకోక అందరి ప్రాణాలూ తీస్తున్నారు” అన్నారు. నువ్వు లేచి నిలబడి, “సంక్రాంతిలోపు రష్యా దివాలా తీస్తుంది, రాసిపెట్టుకో నాన్నా” అన్నావు. తర్వాత ఇద్దరూ అన్న మాటలు ఇక్కడ రాయను. నేను నోరు విప్పలేదు. నన్నడిగి ఉంటే ఇద్దరికీ కోపం తెప్పించేవాణ్ణి. ఎందుకంటే మీరిద్దరూ చేసిన తప్పులు రెండూ నేను బ్యాంకులో పనిచేసిన ముప్పై నాలుగేళ్ళలో చేసినవే. ఈ ఉత్తరం అందుకే. డిసెంబరు కాలేజీల పోటీలో నువ్వు మాట్లాడబోయే అంశం కూడా ఇదేనట కాబట్టి, నీ పాయింట్ల కాగితం పక్కన దీన్నీ పెట్టుకో.

ముందు ఒక చిక్కుముడి విప్పేస్తాను. యుద్ధం ఎవరు మొదలుపెట్టారన్నది ఒక ప్రశ్న. దానికి జవాబు తేలికే: 2022 ఫిబ్రవరి 24న సరిహద్దు దాటి వచ్చింది రష్యా సైన్యం. అంతకుముందు 2014లో క్రిమియాని కలిపేసుకున్నదీ రష్యాయే. ఎవరు నెగ్గుతారన్నది వేరే ప్రశ్న. నువ్వు మొదటి ప్రశ్నకి జవాబు పట్టుకెళ్ళి రెండోదాని కింద రాశావు: న్యాయం ఉక్రెయిన్‌ది కాబట్టి రష్యా కూలిపోవాలని. మీ నాన్న రెండోదాని జవాబు తెచ్చి మొదటిదాని కింద రాశారు: రష్యా ముందుకు వస్తోంది కాబట్టి ఉక్రెయిన్‌దే తప్పని. పరీక్షలో అయితే ఇద్దరికీ సున్నాలే.

ఇప్పుడు నా తప్పుల సంగతి.

తొంభైల్లో మన దగ్గర టైగర్ రొయ్య ఊపు మీద ఉన్నప్పుడు ఒక రైతు ఫైలు నా చేతికొచ్చింది. ఆరెకరాలతో మొదలుపెట్టినవాడు మూడేళ్ళలో నలభై ఎకరాలు లీజుకి చేస్తున్నాడు. నేను చెరువుల గట్ల మీద తిరిగొచ్చి, ఎకరాలు లెక్కపెట్టి, ‘బాగా వృద్ధిలో ఉన్నాడు’ అని రాసి అప్పు పెంచమన్నాను. తెల్లమచ్చ తెగులొచ్చి ఒక్క పంటలో ఆయన మునిగిపోయాడు. అందరూ తెగులు ముంచింది అన్నారు. తర్వాత కాగితాలన్నీ ముందేసుకుని చూస్తే తెలిసింది, తెగులు రాకపోయినా ఇంకో రెండు పంటల్లో మునిగేవాడే. ప్రతి కొత్త చెరువూ పాత చెరువు వడ్డీ కట్టడానికి పట్టిందే. నేను ఎకరాలు చూశాను గానీ ఎకరానికి ఎంత పోస్తున్నాడో చూడలేదు.

రెండో ఫైలు ఒక వితంతువుది. భర్త రెండెకరాలూ, దానికి నాలుగు రెట్ల బాకీలూ వదిలి పోయాడు. నా లెక్కలో ఆవిడ ఏడాదిన్నరలో చేతులెత్తేయాలి. ‘వసూలు అనుమానం’ అని నా చేత్తోనే రాశాను. ఆవిడ తొమ్మిదేళ్ళు కట్టింది. ఒంటి మీద బంగారం పోయింది, ఇంట్లో రెండు పూటలు ఒక పూటయింది, కానీ కట్టింది. ఆఖరి కిస్తీ నాడు ఎలా నెట్టుకొచ్చావమ్మా అని అడిగితే, “మీ కాగితంలో కువైట్‌లో ఉన్న మా తమ్ముడు లేడుగా సార్” అంది.

మీ నాన్నది మొదటి ఫైలు తప్పు. నీది రెండో ఫైలు తప్పు.

మ్యాపు సంగతి చూద్దాం. ఉక్రెయిన్ నేలలో దాదాపు అయిదో వంతు ఇప్పుడు రష్యా చేతిలో ఉంది. మాట నిజం. కానీ 2022 మార్చిలో అంతకంటే ఎక్కువే ఉండేది. కీవ్ చుట్టుపక్కల నుంచి ఆ నెలాఖరుకి వెనక్కి పోయారు. సెప్టెంబరులో ఖార్కివ్ ప్రాంతం, నవంబరులో ఖెర్సన్ నగరం వదులుకున్నారు. 2023 వేసవిలో ఉక్రెయిన్ ఎదురుదాడి చేసి పెద్దగా సాధించింది లేదు. 2024 ఫిబ్రవరిలో అవ్‌దీవ్కా పోగొట్టుకుంది, అదే ఏడు ఆగస్టులో రష్యాలోని కుర్స్క్‌లోకి చొచ్చుకుపోయి అందరినీ ఆశ్చర్యపరిచింది, ఈ ఏడాది అక్కణ్ణుంచీ తరిమేయించుకుంది. ఇప్పుడు పొక్రొవ్‌స్క్ వీధుల్లో కొట్టుకుంటున్నారు. మన సోమేశ్వరుడి లింగం పౌర్ణమికి తెల్లగా, అమావాస్యకి వన్నె మారి కనిపిస్తుందంటారే, యుద్ధం మ్యాపు కూడా అలాంటిదే. ఏ తేదీ నుంచి లెక్క మొదలుపెట్టావన్నదాన్ని బట్టి రంగు మారుతుంది. పోటీలో ఎవరైనా మ్యాపు చూపిస్తే ముందు అడగాల్సింది, “మీ లెక్క ఏ తేదీ నుంచండీ?” అని.

ఆ తర్వాత అడగాల్సింది ఎకరానికి పెట్టుబడి. 2024 సంవత్సరమంతా కలిపి రష్యా పట్టిన నేల నాలుగు వేల చదరపు కిలోమీటర్ల చిల్లర. మన పాత పశ్చిమ గోదావరి జిల్లా 7,742 చదరపు కిలోమీటర్లు. అంటే జిల్లాలో సగం పైచిలుకు. ఉక్రెయిన్ మొత్తంలో అది ఒక శాతం కూడా కాదు. బఖ్‌ముత్ అనే ఊరు పేరు వినే ఉంటావు. యుద్ధానికి ముందు అక్కడి జనం డెబ్బై వేల దాపు, మన భీమవరంలో సగం. దాన్ని పట్టుకోవడానికి 2023 మే దాకా నెలల తరబడి పట్టింది. పట్టుకున్న కిరాయి సైన్యం నాయకుడు ప్రిగోజినే తన వాళ్ళు ఇరవై వేల మంది చచ్చిపోయారని బయటపెట్టాడు. నెల తిరిగేసరికి ఆ సైన్యమే మాస్కో వైపు తిరుగుబాటుగా బయల్దేరింది. మ్యాపు మీద బఖ్‌ముత్ ఒక చుక్క. దాని కింద ఉన్న ఖర్చు మ్యాపు మీద కనపడదు.

మ్యాపుకి ఎక్కనిది ఇంకోటుంది, సముద్రం. చెప్పుకోదగ్గ యుద్ధనౌకలు లేని ఉక్రెయిన్ 2022 ఏప్రిల్‌లో రష్యా నల్లసముద్ర దళానికి పెద్దదిక్కయిన మాస్క్వా నౌకని ముంచేసింది. ధాన్యం నౌకల్ని పోనివ్వడానికి 2022 జులైలో ఇస్తాంబుల్‌లో కుదిరిన ఒప్పందం నుంచి ఏడాదికల్లా రష్యా తప్పుకుంటే, ఇక ఒడెసా రేవు మూతపడ్డట్టే అనుకున్నారంతా. ఉక్రెయిన్ డ్రోన్లతో, క్షిపణులతో ఆ దళాన్ని తూర్పుకి నెట్టి సొంత దారి తెరుచుకుంది. యుద్ధం మొదలైన కొత్తలో మన ఇళ్ళల్లో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్టు దొరక్క, దొరికితే ధర చూసి మీ అమ్మ అట్లు మాన్పించింది గుర్తుందా? అంతకుముందు మన దేశం తెచ్చుకునే ఆ నూనెలో చాలావరకు ఉక్రెయిన్‌దే. గెలుపోటముల్లో అదీ ఒక పద్దే.

ఇక నీ వైపు. రష్యా దివాలా.

నీకంటే చాలా ముందే పెద్ద పెద్దవాళ్ళు ఈ జోస్యం చెప్పారు. 2022 ఏప్రిల్‌లో అంతర్జాతీయ ద్రవ్యనిధి ఆ ఏడు రష్యా ఆర్థిక వ్యవస్థ ఎనిమిదిన్నర శాతం కుంగుతుందని అంచనా కట్టింది. కుంగింది ఒకటిన్నర శాతం లోపే. తర్వాతి రెండేళ్ళూ నాలుగు శాతం దాపున పెరిగింది కూడా. విదేశాల్లో దాచుకున్న రిజర్వు నిధుల్లో 30,000 కోట్ల డాలర్ల దాకా స్తంభింపజేసినా రూబుల్ చావలేదు. వాళ్ళ కేంద్ర బ్యాంకు గవర్నరు ఎల్విరా నబియుల్లినా నాలుగు రోజుల్లో వడ్డీ రేటు 20 శాతానికి ఎత్తేసి, డబ్బు దేశం దాటకుండా తలుపులు బిడాయించింది. చమురు కొనేవాళ్ళు దొరికారు. అందులో మనమే ముందు వరసలో ఉన్నాం.

అయితే ఈ పెరుగుదల ఏ రకందో చూడాలి. మన వైపు పెళ్ళిళ్ళు చూస్తున్నావుగా. అప్పు తెచ్చి ఆడంబరంగా చేస్తే ఆ నెల బంగారం కొట్టూ, బట్టల కొట్టూ, షామియానావాడూ, వంటవాడూ అందరూ కళకళలాడతారు. వీధి మొత్తం లెక్క కడితే వ్యాపారం పెరిగినట్టే. పెళ్ళి అయ్యాక మిగిలేది బాకీ. ట్యాంకు తయారైతే జాతీయోత్పత్తిలో పడుతుంది, నెల తిరక్కుండా డొనెట్స్క్ పొలాల్లో తగలబడితే ఎక్కడా తీసివేత పడదు. ఏరియేటరు కొంటే పదేళ్ళు నీటికి గాలినిస్తుంది. ఫిరంగి గుండు ఒక్కసారే పేలుతుంది. 2025 బడ్జెట్టులో రష్యా సైన్యానికి పెట్టింది 13.5 లక్షల కోట్ల రూబుళ్ళు, ప్రభుత్వ ఖర్చులో మూడో వంతు దాపు. బయట పల్లకీల మోత, ఇంట ఈగల మోత అన్నది ఇలాంటి పద్దు చూసే పుట్టి ఉంటుంది.

ఆ ఈగల మోత వినాలంటే వడ్డీ రేటు చూడు. 2022 సెప్టెంబరుకి 7.5 శాతానికి దిగిన రేటు 2024 అక్టోబరుకి 21కి ఎక్కింది. మన ఊరి భాషలో చెప్పాలంటే నూటికి రూపాయి ముప్పావలా వడ్డీ. అది వడ్డీ వ్యాపారి రేటు కాదు, కేంద్ర బ్యాంకు రేటు. మన రిజర్వు బ్యాంకుది ఇప్పుడు అయిదున్నర. ఆ రేటుకి అప్పు తెచ్చి బిస్కెట్ల ఫ్యాక్టరీ ఎవడు పెడతాడు? ఆయుధాల ఫ్యాక్టరీకైతే సర్కారు తక్కువ వడ్డీకి ఇప్పిస్తుంది. మిగతా దేశమంతా రూపాయి ముప్పావలాకి ఊపిరి బిగపట్టుకోవాలి. ఈ ఏడు అది మెల్లగా దిగి పదహారున్నరకి వచ్చింది. దాంతోపాటే ఎదుగుదల కూడా ఒక శాతం దగ్గరికి జారింది. చమురు డబ్బు దాచుకున్న జాతీయ సంక్షేమ నిధిలో చేతికందే భాగం యుద్ధానికి ముందున్నదాంట్లో సగానికి కరిగిపోయింది. వచ్చే జనవరి నుంచి అమ్మకపు పన్ను 20 నుంచి 22 శాతానికి పెంచబోతున్నారు. ఇంట్లో దాచుకున్నది అయిపోవస్తోందనీ, ఇక జనం జేబులు తడుముతున్నారనీ అర్థం.

బ్యాంకువాణ్ణి కాబట్టి నా కన్ను పడ్డది ఇంకోటుంది. యుద్ధం మొదలైన రోజుల్లోనే అక్కడ చట్టం మార్చి, ఆయుధాల కంపెనీలకి బ్యాంకులు అప్పులిచ్చి తీరాల్సిన ఏర్పాటు చేశారు. ఖర్చు బడ్జెట్టులో కనపడకుండా బ్యాంకుల పుస్తకాల్లోకి పోతుంది. అది ఎంత అన్న దాని మీద ఆర్థికవేత్తలు తగువులాడుకుంటున్నారు గనక అంకె నేను చెప్పను, నువ్వూ చెప్పకు. కానీ పైవాళ్ళ మాట మీద ఇచ్చిన అప్పు ఎలా మొండి బాకీ అవుతుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

అయినా, అమ్ములూ, దివాలా అనే మాట వాడకు. బలహీనపడటం వేరు, కూలిపోవడం వేరు. రెంటికీ మధ్య ఎన్నేళ్ళయినా ఉండొచ్చు. ఆ వితంతువు తొమ్మిదేళ్ళు నడిచింది ఆ మధ్య దారిలోనే.

ఇప్పుడు కువైట్ తమ్ముడి దగ్గరికి వద్దాం. యుద్ధం మొదటి ఏడాదే ఉక్రెయిన్ ఆర్థిక వ్యవస్థ దాదాపు 29 శాతం కుంగింది. రష్యా గురించి మనం ఒకటిన్నర శాతానికి చర్చలు పెట్టుకుంటున్నాం, ఇక్కడ మూడో వంతుకి దగ్గర. లక్షల మంది దేశం విడిచి పోయారు. కరెంటు కేంద్రాల మీద ప్రతి చలికాలం క్షిపణులు పడుతూనే ఉన్నాయి. దేశంలో వసూలయ్యే పన్నులు సైన్యానికే చాలవు. పంతుళ్ళ జీతాలు, ముసలివాళ్ళ పింఛన్లు బయటి నుంచి వచ్చే డబ్బుతో నడుస్తున్నాయి. యూరపు 2024 నుంచి నాలుగేళ్ళకి 5,000 కోట్ల యూరోలు ఇస్తానంది. జీ-7 దేశాలు ఇంకో 5,000 కోట్ల డాలర్ల అప్పు ఏర్పాటు చేశాయి. ఆ అప్పు తీర్చే తీరు వింటే మన కోర్టు పక్షుల్ని చూసి నేర్చుకున్నారా అనిపిస్తుంది. రష్యా నిధులు జప్తులో ఉన్నాయి కదా, అసలు ముట్టుకోకుండా దాని మీద వచ్చే రాబడితో ఉక్రెయిన్ బాకీ జమ చేస్తారట. జప్తులో ఉన్న పొలం కౌలు తెచ్చి అవతలి పార్టీకి ఇచ్చినట్టు.

హామీదారు మీద బతికే ఖాతాకి ప్రమాదమూ అక్కడే. 6,100 కోట్ల డాలర్ల సాయం బిల్లుని అమెరికా కాంగ్రెసు నెలల తరబడి నాన్చి 2024 ఏప్రిల్‌లో గానీ వదల్లేదు. ఆ మధ్యలో అవ్‌దీవ్కాలో గుండ్లు లేక సైనికులు వెనక్కి రావాల్సొచ్చింది. వాషింగ్టన్‌లో సంతకం ఆలస్యమైతే డాన్‌బాస్‌లో ఊరు పోయింది. ఈ ఏడు ఫిబ్రవరి ఆఖర్న శ్వేతసౌధంలో జెలెన్‌స్కీకీ ట్రంప్‌కీ కెమెరాల ముందే గొడవైతే, కొద్ది రోజులకే ఆయుధాల సరఫరా ఆగింది. యుద్ధం నడక ఒక చోట, దాని ఆర్థిక భారం ఇంకో చోట అని రెండు పాయింట్లుగా రాసుకున్నావుట కదా. కలిపి రాయి. అవి రెండూ ఒకే తాడు కొసలు.

డబ్బుతో కొనలేనిది మనుషులు. రష్యా సైన్యంలో చేరితే ఇచ్చే కేంద్ర బోనసుని 2024 వేసవిలో 1,95,000 రూబుళ్ళ నుంచి ఒక్కసారే నాలుగు లక్షలకి పెంచింది. మాస్కో నగరం తన వంతుగా 19 లక్షలు ప్రకటించింది. ధర పెరుగుతోందంటే సరుకు దొరకడం లేదనేగా. ఉక్రెయిన్ సైన్యంలోకి పిలిచే వయసుని 27 నుంచి 25కి దించింది, అంతకంటే చిన్నవాళ్ళని పిలవడానికి జంకుతోంది. ఎవరు ఎంతమంది చనిపోయారన్న అంకెలు రెండు ప్రభుత్వాలూ తమకి కావలసినట్టు చెబుతాయి. వాటిని పోటీలో బల్ల గుద్ది చెప్పకు.

నీ మీద ఎవరైనా “రష్యా చేతిలో అంత నేల ఉండగా ఓడిపోతుందంటారా?” అని విసిరితే, 1918 జర్మనీని చెప్పు. ఆ నవంబరులో జర్మనీ చేతులెత్తేసిననాడు దాని సైన్యాలు ఇంకా ఫ్రాన్సు, బెల్జియం నేల మీదే ఉన్నాయి. అదే ఏడు మొదట్లో ధాన్యం కోసం ఉక్రెయిన్‌లో చాలా భాగాన్ని ఆక్రమించుకుంది కూడా. మ్యాపు చూస్తే గెలిచినట్టే. ఇంట్లో తిండి లేదు. 1916-17 చలికాలమంతా బంగాళాదుంపలు దొరక్క, పశువులకి వేసే దుంపలు తిన్నారు జనం. వాళ్ళని ఓడించినవాటిలో శత్రువుల దిగ్బంధమూ, ఖాళీ వంటిళ్ళూ ఉన్నాయి. కానీ ఆ ఉదాహరణ నువ్వు చెప్పగానే తెలివైనవాడు లేచి, “ఆకలితో వాళ్ళు రెండేళ్ళు లాగారు కదా, ఏ నెలలో పడతారో ఎవరైనా చెప్పగలిగారా?” అంటాడు. అతనూ సరిగ్గానే అడిగాడని ఒప్పుకో. ఓపిక ఎప్పుడు తెగుతుందో బ్యాలెన్సు షీటులో ఉండదు. నేను రాసిన ‘వసూలు అనుమానం’ ఆ సంగతికి సాక్ష్యం.

ఇక మన గడపలోకి వద్దాం. యుద్ధానికి ముందు మనం తెచ్చుకునే ముడి చమురులో రష్యాది రెండు శాతం కూడా లేదు. తర్వాత మూడో వంతు దాటింది. చవగ్గా వస్తే కొనడంలో తప్పేమీ లేదనే వాదన ఉంది, అది తేలిగ్గా కొట్టిపారేసేదీ కాదు. దేశం మొత్తం మీద దిగుమతి బిల్లు తగ్గింది, రిఫైనరీలకి లాభం మిగిలింది. మన బంకులో పెట్రోలు మాత్రం 2022 మే నుంచి రెండు రూపాయలు తగ్గిందంతే. ఈ ఆగస్టులో అమెరికా, రష్యా చమురు కొంటున్నందుకని మన సరుకు మీద ఇంకో 25 శాతం సుంకం వేసి మొత్తం 50 చేసింది. మన రొయ్యకి అతిపెద్ద కొనుగోలుదారు అమెరికా. అందులో సింహభాగం పంపేది మన రాష్ట్రం. ఎగుమతిదారు తన నష్టాన్ని తన దగ్గర ఉంచుకోడు, ఏజెంటు మీద వేస్తాడు. ఏజెంటు చెరువు గట్టు మీద కాటా పెట్టేటప్పుడు దాన్ని కౌంటు ధరలో కోస్తాడు. అంతకంటే కింద ఎవరూ లేరు. అక్కడ ఉన్నది మీ నాన్న. అంటే చవక చమురు లాభం ఒక చేతికి పోయింది, దాని జరిమానా ఇంకో చేతి మీద పడింది.

ఇంకా లోతుకి పోతే, మనవాళ్ళ పిల్లలున్నారు. 2022 మార్చిలో మన వీధి చివరింటి అబ్బాయి వైద్యం చదువు మధ్యలో వదిలేసి, మంచులో నడిచి పోలండు సరిహద్దు దాటి వచ్చాడు. ఆపరేషన్ గంగ పేరుతో ప్రభుత్వం ఇరవై వేల పైచిలుకు మందిని అలా తీసుకొచ్చింది. వాడి చేత నేను ఇంతవరకు ఆ యుద్ధం గురించి ఒక్క అభిప్రాయం చెప్పించలేకపోయాను. సహాయకుల ఉద్యోగాలని నమ్మించి తీసుకెళ్తే రష్యా సైన్యంలో తేలి, అక్కడే ప్రాణాలు పోగొట్టుకున్న భారతీయుల్లో తెలుగువాళ్ళూ ఉన్నారు. నువ్వు వేదిక మీద ‘వ్యయం’ అన్నప్పుడు ఆ మాట బరువు నీకు తెలియాలని చెబుతున్నాను. అలా అని వాళ్ళని వాదనలో ఆయుధం చేసుకోకు.

నువ్వు పోటీలో ఎలా మాట్లాడాలో నాలుగు ముక్కలు చెబుతాను.

ఒకటి. జోస్యం చెప్పాల్సి వస్తే తేదీతో, కొలమానంతో చెప్పు. ‘రష్యా ఇబ్బందుల్లో పడుతుంది’ అనేది జోస్యం కాదు, జాతకం. వడ్డీ రేటు ఎంత, నిధిలో మిగిలింది ఎంత, యూరపు కొత్త అప్పు ఇచ్చిందా లేదా, పొక్రొవ్‌స్క్ ఎవరి చేతిలో ఉంది అని రాసుకో. వాటిలో ఏది ఎటు మారితే నీ అభిప్రాయం మార్చుకుంటావో పక్కనే రాయి. అది రాయలేకపోతే నీది అభిప్రాయం కాదు, అభిమానం.

రెండు. అవతలివాళ్ళ వాదన వాళ్ళకంటే బాగా చెప్పడం నేర్చుకో. అప్పు ఇవ్వకూడదని నాకు గట్టిగా అనిపించిన ప్రతి ఫైలుకీ ముందు ఒక తెల్లకాగితం మీద ఇవ్వడానికి కారణాలు రాసేవాణ్ణి. ఆ అలవాటు వచ్చింది ఆ వితంతువు ఫైలు తర్వాతే.

మూడు. మాట్లాడేవాడికి ఆ మాట వల్ల ఏం కలిసొస్తుందో చూడు. సైన్యాధికారి చెప్పిన అంకె, బాకీ ఎగ్గొట్టబోయేవాడు చూపించిన పంట అంచనా, రెండూ ఒకే చూపుతో చదవాలి. రెండు పక్కలవీ.

నాలుగు. రాగం తియ్యకు. రాయబారం సీనులో కృష్ణుడి పద్యం సాగదీస్తే వన్స్‌మోర్ పడుతుంది. సంధి మాత్రం కుదరదు, మర్నాటి సీను కురుక్షేత్రమే. చప్పట్లకి మాట్లాడితే చప్పట్లే వస్తాయి.

ఇదంతా డిసెంబరు కోసం. ఇప్పుడు దసరా రాత్రి కోసం.

మీ నాన్న మ్యాపు చూపించేటప్పుడు ఉక్రెయిన్ గురించి మాట్లాడుతున్నారని నువ్వు అనుకున్నావు. ఆయనకి కావలసింది యుద్ధం ఆగడం. ఎవరు ఓడిపోతే తొందరగా ఆగుతుందో వాళ్ళు ఓడిపోవాలని ఆయన కోరిక. అది న్యాయమైన కోరిక కాకపోవచ్చు. ఈ పంటకి ఆయన రెండు చెరువుల్లో సీడ్ వెయ్యలేదు, ఎండగట్టేశారు. ఆ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు. ఫీజు కట్టే నెలలో కూతురికి అలాంటివి చెప్పే మనిషి కాదు ఆయన. మాస్కోలో వడ్డీ రేటు నీకు వేళ్ళ మీద ఉంది. మీ నాన్న ఈ ఏడు ఎంత వడ్డీకి తెచ్చారో నువ్వు అడగలేదు.

నేను అడిగాను. రూపాయి ముప్పావలా.

పరీక్షలవగానే రా. సంక్రాంతి దాకా ఆగకు. మీ జోస్యాలు రెండూ ఆ రాత్రే మీ ఇంటి క్యాలెండరు వెనక పెన్సిలుతో రాసిపెట్టాను, తేదీతో సహా. పండగనాడు ముగ్గురం కూర్చుని చూద్దాం. ఆ ముందు రోజు మాత్రం ఉదయాన్నే నాన్నతో కలిసి చెరువు గట్టు మీదకి వెళ్ళు. ఖాళీగా ఉన్న రెండు చెరువుల దగ్గర ఏమీ వాదించకు. ఎకరానికి ఎంత పోశారో అడుగు. చెబుతారు.

అత్తయ్య ఆశీస్సులు. గోంగూర పచ్చడి సీసా మీ ఊరు వచ్చేవాళ్ళతో పంపుతోంది.

ఇట్లు,
మీ మామయ్య